సోమవారం చేతులు

మా అమ్మ మా బడిలోనే టీచరు. ఈ మాట వినగానే చాలామంది "అబ్బ, ఎంత అదృష్టం" అంటారు. అలా అన్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఆవిడ బడి మొత్తానికి అమ్మ, నాకొక్కదానికే టీచరు. "అమ్మా" అంటే పలికేది కాదు. "టీచర్" అనాలి. మిగతా పిల్లలు మాత్రం నోరు జారి "అమ్మా" అన్నా నవ్వి, "ఏటి నాన్నా" అని దగ్గరికి తీసుకునేది. నేను జారితే ఒక చూపు చూసేది. ఆ చూపుకి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది.

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో మా ఊరు. బడి వెనక జీడితోట, ముందు కొబ్బరితోట. ఏడో తరగతి దాకా ఉన్న ఆ బడికి అమ్మ, ఒక మాస్టారు, ఇద్దరే దిక్కు. నాన్న పలాస డిపోలో కండక్టరు. నేను లేచేసరికి వెళ్ళిపోయేవాడు, వచ్చాక అన్నం తిని పడుకునేవాడు. కాబట్టి నాకున్నది అమ్మ ఒక్కతే. ఆ ఒక్కతీ ఊరందరికీ ఉండేది.

సోమవారం ప్రార్థన అయ్యాక అమ్మ వరసల మధ్యకి వచ్చి "చేతులు" అనేది. అందరం చాపేవాళ్ళం. గోళ్ళు చూస్తోందని పిల్లలు అనుకునేవాళ్ళు. అన్ని బళ్ళలోనూ గోళ్ళు చూస్తారు కదా. అమ్మ చూసేది గోళ్ళు కాదు. ఆ సంగతి మాస్టారికీ నాకూ మాత్రమే తెలుసు.

మా ఊళ్ళో రెండు చిన్న జీడి బట్టీలు ఉండేవి. అక్కడ కాల్చిన జీడిపిక్కల్ని ఇళ్ళకి తెచ్చుకుని, చెక్క సుత్తితో కొట్టి, పప్పు తీసి ఇచ్చేవాళ్ళు. ఆ పిక్క పెంకులో సొన ఉంటుంది. తగిలితే చర్మం కాలిపోతుంది. పెద్దవాళ్ళయితే చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటారు. పిల్లలు రాసుకోరు, మర్చిపోతారు. పిక్కని పట్టుకునేది ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఆ మూడు వేళ్ళ కొసలు అమ్మకి పుస్తకం. కాస్త గోధుమరంగు తిరిగితే సెలవురోజు వాళ్ళమ్మ పక్కన సరదాకి కూర్చుందని. నల్లబడి, తోలు పొలుసులుగా లేస్తే రోజూ కొడుతోందని. అంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని, ఇంకో నెలా రెండు నెలల్లో ఆ పిల్ల బడికి రాదని. "మానేశాక ఎల్తే ఏటి లాభం? అప్పటికి వాళ్ళకి అలవాటైపోతాది. మానకముందే ఎల్లాలి" అనేది మాస్టారితో.

ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్ళేది. బడి మాట ఎత్తేది కాదు. అరుగు మీద కూర్చుని "కాసిన్ని మంచినీళ్ళియ్యమ్మా" అనేది. నీళ్ళు తాగి, వాళ్ళ ఆవు గురించి, అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేది. చివరికి వాళ్ళే చెప్పేవాళ్ళు.

ఇక నా చేతుల సంగతి. వరసలో నా దగ్గరికి వచ్చేసరికి, "నీవి ఇంట్లో చూశాలే" అని పక్కకి వెళ్ళిపోయేది. ఇంట్లో ఎప్పుడు చూసింది? ఒక్కసారీ చూడలేదు. ప్రతి సోమవారం చేతులు చాపాను, ప్రతి సోమవారం ఆ మాటే విని ముడుచుకున్నాను.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, జనవరి చివర్లో, నా పక్కన కూర్చునే పిల్ల వేళ్ళు నల్లబడ్డాయి. అప్పటిదాకా దాని మీద నాకే కోపమూ లేదు. ఇద్దరం కలిసి చింతపిక్కలాడేవాళ్ళం. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు దింపే మనిషి. ఊళ్ళో అందరూ భయపడే చెట్లు ఆయన ఎక్కేవాడు. ఆ ఏడు ముందు కాళ్ళు ఉబ్బాయి, తర్వాత ముఖం ఉబ్బింది. "కిడ్నీలంట" అని ఊళ్ళో గొంతు తగ్గించి చెప్పుకున్నారు. మా ఉద్దానం ప్రాంతంలో ఆ మాట విన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. అప్పటికే ప్రతి వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉండేది. ఎందువల్ల వస్తుందో తెలియదు కాబట్టి జనం నీళ్ళని అనుమానించేవాళ్ళు. అనుమానించి, జబ్బున్న ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేశారు.

ఆ సోమవారం సాయంత్రం అమ్మ వెంట నేనూ వెళ్ళాను. ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని నీళ్ళడిగింది. వాళ్ళమ్మ లోపలి నుంచి గ్లాసు తెచ్చి, ఇవ్వకుండా అలాగే నిలబడింది.

"మా ఇంట్లోయి తాగుతారేటి టీచరమ్మా" అంది.

అమ్మ గ్లాసు అందుకుని మొత్తం తాగేసింది. తాగి "ఇంకో గ్లాసియ్యి" అంది. వాళ్ళమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ అంతా చెప్పింది. వారానికి రెండుసార్లు మనిషిని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, తాను వెళ్తే పిక్కలు కొట్టే దిక్కు లేదు, అందుకే పిల్ల కొడుతోంది. అదీ జరిగింది. కానీ నాకు గుర్తున్నది ఆ ఏడుపు కాదు. ఇంట్లో నేనిచ్చిన నీళ్ళు మా అమ్మ ఎప్పుడూ సగం తాగి కిటికీలో పెట్టేసేది. అక్కడ రెండు గ్లాసులు చుక్క మిగలకుండా తాగింది.

మర్నాటి నుంచి దాని దశ తిరిగింది. నాకలాగే కనిపించింది. పొద్దున్న ఒక గంట పిక్కలు కొట్టుకుని పదింటికి రావచ్చని అమ్మ ఒప్పుకుంది. మేం ఒక్క నిమిషం ఆలస్యమైతే గుమ్మం బయట నిలబడాలి. అది పదింటికి దర్జాగా లోపలికి వచ్చేది. అమ్మ బల్ల పక్కనే దానికి చోటు. పోయిన పాఠం మధ్యాహ్నం దానికొక్కదానికే మళ్ళీ చెప్పేది. వాళ్ళమ్మానాన్నలు విశాఖ వెళ్ళిన రోజుల్లో అది మా ఇంట్లోనే ఉండేది. మాస్టారేమో ఆ పిల్ల వాళ్ళ నాన్న ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మండలాఫీసు చుట్టూ తిరిగేవారు. బడి అంతా ఆ ఒక్క ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టు నాకు అనిపించేది.

అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. సాయంత్రం గంట కొట్టాక అమ్మ దాన్ని కూర్చోబెట్టి, కొబ్బరినూనె గిన్నె తెచ్చి, దాని వేళ్ళకి ఒక్కొక్కదానికీ రాసేది. తొందర ఉండేది కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. పొలుసులు మెల్లగా తుడిచి, ఊది, మళ్ళీ రాసేది. ఇంట్లో నా తలకి నూనె పెట్టడమంటే ఒక చేత్తో పొయ్యి మీద గరిటె తిప్పుతూ రెండో చేత్తో చరచడమే. నేను గుమ్మం దగ్గర సంచి తగిలించుకుని నిలబడి చూసేదాన్ని. దాని కళ్ళు సగం మూతపడేవి. ఎంత హాయిగా ఉందో నాకు తెలిసేది. నా కడుపు మండిపోయేది.

నా చెప్పు తెగి అప్పటికి పదిహేను రోజులు. పిన్నీసు పెట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నాను. వందమంది వేళ్ళు చదివే మనిషికి నా కాలు కనిపించలేదు.

ఒకరోజు అడిగేశాను. "దానికే ఎందుకు అన్నీ? నేను నీ కూతుర్ని కానా?"

అమ్మ పుస్తకాలు దిద్దుకుంటోంది. తల ఎత్తలేదు. "నీకేటి తక్కువే?" అంది.

ఆ ప్రశ్న అంటే నాకు ఈనాటికీ పడదు. నీకేం తక్కువ అన్నవాళ్ళు ఏం తక్కువో వినడానికి ఎప్పుడూ ఆగరు. అమ్మ ఎర్రసిరా పెన్నుతో ఇంకో పుస్తకం తీసింది. దాని పుస్తకమే అది. అట్ట కూడా మా ఇంట్లో వేసిందే, నా కోసం దాచిన కాగితంతో.

ఆ రోజు నుంచి దాంతో మాట్లాడటం మానేశాను. అది మాత్రం మానలేదు. "ఒలే, కోపమేటే? నానేటి సేసినానే?" అని వెంటపడేది. ఏం చేసిందని చెప్పను? మా అమ్మని తీసుకుపోయావు అని చెప్పడానికి సిగ్గేసేది. మూతి తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఏప్రిల్ వచ్చింది. జీడిపళ్ళు రాలే రోజులు. ఊరంతా ఆ పుల్లటి తియ్యటి వాసన. ఒక శనివారం సాయంత్రం నూనె రాయించుకుంటూ అది అమ్మతో చెప్పింది.

"టీచరమ్మా, సోమారం మా మావ ఒత్తాడంట. నన్ను పలాస తీసుకెల్తాడంట. ఆడు పంజేసే పెద్ద బట్టీలో నాకూ పనుందంట. మాయమ్మ ఊఁ అనీసింది."

అమ్మ చెయ్యి ఆగింది. "ఎప్పుడెల్తారు?"

"మద్దినేల బస్సుకి."

"సోమవారం బడిలో భోజనాలవగానే నేను మీ ఇంటికొస్తాను. మీ మావతో నేను మాట్లాడతాను. నేనొచ్చేదాకా నువ్వు ఇల్లు కదలకు. మీ అమ్మకి చెప్పు, టీచరమ్మ వస్తానన్నదని."

అది తలూపింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ప్రతి మాటా విన్నాను.

ఆదివారం అమ్మ బట్టలు ఉతుక్కుంటుంటే నేను పెరటి వెనక జీడిచెట్ల కిందికి వెళ్ళాను. రాలిన పళ్ళ నుంచి పిక్కలు తుంపి, రాయి మీద పెట్టి చితక్కొట్టాను. సొన కారింది. దాన్ని వేళ్ళకి రాసుకున్నాను. రంగు సరిగ్గా కనిపించలేదు. ఇంకో నాలుగు చితక్కొట్టి రెండు అరచేతులకీ, గోరింటాకు పెట్టుకున్నంత శ్రద్ధగా, పట్టించాను. సోమవారం "నీవి ఇంట్లో చూశాలే" అనగలదేమో చూద్దాం అనుకున్నాను.

పిక్కలు కొట్టే ఇంట్లో పుట్టిన ఏ పిల్లా అలాంటి పని చెయ్యదు. కాల్చిన పిక్కలో సొన చాలావరకు పోయి ఉంటుంది. పచ్చిపిక్కలో సొన నిప్పే. నేను టీచరమ్మ కూతుర్ని, నాకు ఆ తేడా తెలియదు. మొదట దురద పెట్టింది. తర్వాత మంట. నీళ్ళలో ముంచితే తగ్గలేదు. అన్నం చెంచాతో తిన్నాను, అమ్మ అదీ గమనించలేదు. పొద్దున్న లేచేసరికి అరచేతులు రెండూ బొబ్బలు.

ఆ చేతుల్ని లంగా మడతల్లో దాచుకుని బడికి నడిచాను. ప్రార్థన అయ్యింది. అమ్మ "చేతులు" అంది. వరసలో ఆ పిల్ల లేదు. అది పదింటికి కదా వస్తుంది. అసలు ఆ రోజు రాదు, ఇంట్లో కదలకుండా కూర్చుని ఉంటుంది. అమ్మ నా దగ్గరికి వచ్చి, అలవాటుగా "నీవి ఇంట్లో..." అంటూ ఆగిపోయింది.

నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. కిందనుంచి, గాజుసామాను పట్టుకున్నట్టు. ముఖం పాలిపోయింది. "ఓలమ్మో, ఏటే ఇది" అంది. అందరి ముందూ అమ్మలాగే అంది. మాస్టారికి బడి అప్పజెప్పి, నన్ను పలాస తీసుకెళ్ళింది.

ఆ బస్సులో పదేళ్ళ దాన్ని అమ్మ ఒళ్ళో కూర్చున్నాను. దారి పొడుగునా అమ్మ నా చేతుల మీద ఊదుతూనే ఉంది. మంటకి కళ్ళలో నీళ్ళు ధారగా కారుతున్నాయి. అయినా నిజం చెప్పాలి. అంత సుఖమైన ప్రయాణం నేను మళ్ళీ చెయ్యలేదు. ప్రతి గోతికీ అమ్మ చెయ్యి నా నడుం చుట్టూ బిగుసుకునేది. పలాస ఇంకా దూరం ఉంటే బాగుండును అనుకున్నాను.

డాక్టరు దగ్గర జనం ఉన్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మ పదిసార్లు గోడ గడియారం చూసింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. "మంటమ్మా" అన్నాను. గడియారం చూడటం మానేసి మళ్ళీ ఊదింది. రెండు చేతులకీ తెల్లటి కట్లు కట్టించుకుని బస్టాండుకి వచ్చేసరికి మా ఊరి బస్సు ఇంకా రాలేదు. అమ్మ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, సోడా తెస్తానని కొట్టు దగ్గరికి వెళ్ళింది.

బస్సు అప్పుడే వచ్చింది. జనం దిగారు. వాళ్ళలో ఒక మనిషి, అతని వెనక గుడ్డసంచి గుండెలకి హత్తుకుని ఆ పిల్ల.

అది నన్ను చూసింది. ముందు నా ముఖం, తర్వాత నా కట్లు. కళ్ళు పెద్దవయ్యాయి. నాలుగడుగులు నావైపు వేసి, "టీచరమ్మేదే?" అంది.

కొట్టు నాకు ఎదురుగా ఉంది. అమ్మ వీపు కనిపిస్తోంది. అటు చెయ్యి చూపిస్తే చాలు. "అమ్మా" అని కేకేస్తే చాలు. బడి కాదు కాబట్టి పలికేది. నేను తల దించుకుని నా కట్ల వైపు చూశాను. ఈ ఒక్క పూటా అమ్మ నాది. దీన్ని కూడా దానికి ఇచ్చెయ్యాలా అనుకున్నాను. సరిగ్గా ఈ మాటలే అనుకున్నాను. పదేళ్ళ పిల్ల, తెలియక చేసింది అని ఎవరైనా అంటే ఒప్పుకోను. తెలిసే చేశాను.

"బేగి రాయే, ఎక్కడున్నావ్" అని వాళ్ళ మావ పిలిచాడు. అది వెళ్ళింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళింది. అమ్మ సోడా తెచ్చి నా నోటికి పట్టింది.

బస్సు దిగి నన్ను ఇంట్లో దింపకుండానే అమ్మ నేరుగా వాళ్ళింటికి నడిచింది. నేను వెనకే. వాళ్ళమ్మ అరుగు మీద చేట ముందేసుకుని కూర్చుని ఉంది.

"మీరొత్తారని సూసినాం టీచరమ్మా" అంది. "మా గుంట గుమ్మంలో నిలబడిపోనాది. టీచరమ్మ ఒత్తానన్నాది, ఒత్తాది అని. నానూ మీరొత్తే ఆపేత్తారనే ఉన్నాను. అన్నతో నాను సెప్పలేను, మీరయితే సెప్తారని. బస్సు టైమయిపోనాది. మరేటి సేత్తాం."

అమ్మ ఆ రోజు నీళ్ళడగలేదు. ఇంటికి వచ్చాక నా కట్టు మీద చెయ్యి వేసి, "పిక్కలు కొట్టినవాళ్ళకి అరచేతిలో కాలదు" అంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్న. వరసలోనే."

"మరి దాని దగ్గరికి వెళ్ళకుండా నన్నెందుకు తీసుకెళ్ళావు?"

"ఎలాగైతేనేం, కాలింది కదే" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బస్టాండు సంగతి ఆ దెబ్బకే చెప్పేసేదాన్నేమో. తిట్టకపోయేసరికి అది లోపలే ఉండిపోయింది.

ఆ వేసవి సెలవుల్లో అమ్మ వారానికి రెండుసార్లు పలాస వెళ్ళేది. బట్టీ బట్టీకీ వెళ్ళి అడిగేది. ఎవరూ సరిగ్గా చెప్పేవారు కాదు. గొడుగు పట్టుకుని ఎండలో పోతున్న అమ్మని చూసినప్పుడల్లా ఆ మలుపు గుర్తుకొచ్చేది. వాళ్ళు ఎటు తిరిగారో నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెబితే ఆవిడ సగం తిరుగుడు తప్పేది. చెప్పలేదు. నాలుగో వారం దాన్ని పట్టుకుంది. దాన్ని ఇంటికి తీసుకొచ్చి ఊరుకోలేదు. బడిలో మధ్యాహ్న భోజనం అప్పుడే కొత్తగా మొదలైంది. పాత వంటమనిషి మానేస్తే, ఆ పని వాళ్ళమ్మకి ఇప్పించడానికి అమ్మా మాస్టారూ ఊరి పెద్దల ఇళ్ళన్నీ తిరిగారు. జబ్బు మనిషి ఇంటి చేతి వంట మా పిల్లలు తినరని కొందరు నొసలు చిట్లించారు. బడి తెరిచి ఆవిడ వండిన మొదటి రోజు అమ్మ అందరికంటే ముందు కూర్చుని తింది. రెండో కంచం నా ముందు పెట్టింది. తిన్నాను.

జూన్లో బడి తెరిచినప్పుడు అది అందరితోపాటు తొమ్మిదిన్నరకే వచ్చింది. మూడు వేళ్ళు కాదు, పది వేళ్ళూ నల్లగా ఉన్నాయి. నా పక్కనే కూర్చుంది. బస్టాండు మాట ఎత్తుతుందని రోజూ భయపడ్డాను. ఎత్తలేదు. "నీ సేతులు మానిపోనాయేటే?" అని మాత్రం అడిగింది.

ఆ ఏడు నుంచి ఒక మార్పు. సోమవారం అమ్మ "చేతులు" అని, ముందు నా దగ్గరికే వచ్చేది. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసేది, అందరి ముందూ. ఏడో తరగతి అయ్యేదాకా ఒక్క సోమవారం తప్పలేదు. నేను లోలోపల పొంగిపోయేదాన్ని. కాల్చుకుని మరీ సాధించాను అనుకునేదాన్ని. పక్కనే నిలబడ్డ దానివైపు ఓరగా ఒక చూపు విసిరేదాన్ని. అది నవ్వేది. ఆ నవ్వు చూసి, ఓడిపోయి కూడా నవ్వుతుందేమిటి అని ఇంకా మండేది.

పదో తరగతి ఇద్దరం పాసయ్యాం. మధ్యలో వాళ్ళ నాన్న పోయాడు. వాళ్ళమ్మ బడిలో వండుతూనే దాన్ని చదివించింది. ఇద్దరికీ టెక్కలిలోనే ఇంటర్లో సీటు వచ్చింది, ఒకే హాస్టలు. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం అమ్మ పెరట్లో నా తలకి నూనె పెడుతోంది. ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదు, రెండు చేతులతోనూ పెట్టింది. ఇంక ఆగలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు పలాస బస్టాండ్లో నేను దాన్ని చూశాను. నీ గురించి అడిగింది. చెప్పలేదు."

అమ్మ చేతులు ఆగలేదు. "తెలుసు" అంది.

"ఎవరు చెప్పారు?"

"అదే. బడి తెరిచిన రోజే చెప్పింది."

"ఇన్నేళ్ళూ నాతో ఎందుకు అనలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను" అంది. కాసేపు జుట్టు చిక్కు తీసి, మళ్ళీ అంది. "అది నా చేత ఒట్టేయించుకుంది కూడా. 'దాన్నేటీ అనకండి టీచరమ్మా. దాని సేతులు నాకన్నా ఎక్కువ కాలిపోనాయి. సోమారం దానియి కూడా సూడండి' అంది. అప్పుడు నాకు సిగ్గేసిందే. పదేళ్ళ పిల్ల చెప్పేదాకా నాకు తట్టలేదు చూడు."

నేను గెలుచుకున్నాననుకున్న సోమవారాలన్నీ అది అడిగి ఇప్పించినవి. వరసలో నా పక్కన నిలబడి నవ్వింది అందుకు. ఏడుపు రావాలి, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు వచ్చింది కుళ్ళే. నా రహస్యాన్ని నాకు తెలియకుండా మా అమ్మా అదీ కలిసి ఇన్నేళ్ళు దాచుకున్నారు. అది కూడా వాళ్ళిద్దరిదే అయింది.

మర్నాడు పొద్దున్న బస్సెక్కేసరికి అది కిటికీ సీటు నా కోసం ఆపి, తాను ఈ పక్కకి జరిగి కూర్చుని ఉంది. అమ్మ కింద నిలబడి కిటికీలోంచి చెయ్యి పైకి పెట్టింది. నేను నా చెయ్యి ఇవ్వబోయి, ఆగి, దాని చెయ్యి పట్టుకుని అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని వదలకుండానే నాదీ అందుకుంది. బస్సు కదిలేదాకా రెండూ పట్టుకుని ఉంది.